కళ్ళకు సెలవు

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఎక్కువసార్లు పలికిన మాట "పర్వాలేదండీ". ఎండలో గంటసేపు నిలబెట్టినా పర్వాలేదండీ, కాఫీలో పంచదార వెయ్యడం మరిచిపోయినా పర్వాలేదండీ. మా పామర్రు వైపు ఆడపిల్లలకు నడక కంటే ముందే ఈ మాట నేర్పుతారేమోనని నా అనుమానం. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు అన్నం తినమంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి చెయ్యి పట్టుకుని లాక్కెళితే "మీరింతగా అంటున్నారు కాబట్టి" అంటూ కూర్చోవాలి. లోపల పేగులు అరుస్తున్నా సరే, వరస తప్పకూడదు. నలభై మూడేళ్ళు వచ్చేదాకా ఈ పద్ధతి మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. వ్యాపారం మీద దేశాలు తిరగడం మొదలుపెట్టాకే అది నన్నెంత ముంచగలదో తెలిసింది.

మాది కలంకారీ బట్టల వ్యాపారం. ఇల్లు పటమటలో, అమ్మకాల ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గర. అద్దకం షెడ్డు మాత్రం పామర్రు దాటాక బందరు దారిలో, కాలవ గట్టున ఉంటుంది. చెక్క అచ్చులతో బట్ట మీద పటిక నీళ్ళు అద్దుతారు. అప్పుడు ఎరుపు కనపడీ కనపడనట్టే ఉంటుంది. ఆ బట్టను పారే నీళ్ళలో జాడించి, వేర్లూ ఆకులూ వేసిన రాగి కాగులో ఉడికిస్తే, అప్పుడు లోపలున్న ఎరుపు బయటికొస్తుంది. కాలవకు కొత్త నీళ్ళు వదిలినప్పుడు ఒక ఎరుపు వస్తుంది, చలికాలంలో నీళ్ళు తేరుకున్నాక ఇంకో ఎరుపు. ఆ తేడా పట్టుకోవడానికి మా దగ్గర మిషనేమీ లేదు, మేస్త్రిగారి కళ్ళే ఉన్నాయి.

మేస్త్రిగారికి అరవై దాటాయి. తాతల కాలం నుంచి అద్దకం పనిలోనే ఉన్న ముస్లిం కుటుంబం వాళ్ళది. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, గోళ్ళలో ఎప్పుడూ పోని నలుపు. ఆయనకొక నియమం ఉంది. రంగు బాగుందో లేదో పొద్దున్నే చెబుతారు, అదీ రాత్రి కంటినిండా నిద్రపోయి ఉంటేనే. కాలవ నీళ్ళతో మొహం కడుక్కుని, ఉత్తరం గుమ్మంలో ఎండ పడని చోట నిలబడి, బట్టను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూస్తారు. ఎండ ముదిరాక చూడరు. దీపం వెలుగులో అసలే చూడరు. నిద్ర తక్కువైన రోజున రాజుగారొచ్చి అడిగినా చూడరు.

వాళ్ళ చిన్నమ్మాయి పెళ్ళయిన మర్నాడు హైదరాబాద్ నుంచి ఒక పెద్ద షాపతను కారేసుకుని వచ్చాడు. సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోవాలి. నేను బట్టలు పట్టుకుని మేస్త్రిగారి దగ్గరికి పరిగెత్తాను.

"ఇవాళ నా కళ్ళకు సెలవమ్మా" అన్నారాయన, బీడీ కూడా ముట్టించకుండా గోడకి ఆనుకుని.

"అంత దూరం నుంచి వచ్చారండీ ఆయన! ఒక్క చూపు చూస్తే ఏం పోతుంది?"

"నిద్రలేని కంటికి ఎరుపంతా ఒకటేనమ్మా. ఇవాళ అడిగితే అన్నీ బాగున్నాయంటాను. రేపు అడగండి, నిజం చెబుతాను."

ఆ షాపతను పామర్రులో లాడ్జి వెతుక్కుని పడుకోవాల్సి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. జీతం ఇచ్చేది నేను, సెలవు పుచ్చుకునేది ఆయన కళ్ళు! ఇంటికొచ్చి మావారి దగ్గర చిందులు తొక్కాను. "ఆయన కళ్ళు ఆయన ఇష్టం" అని మావారు పేపరు తిరగేశారు.

ఇదంతా నేను విదేశాలకు వెళ్ళక ముందు సంగతి. తరవాత మా బట్టలకు బయట గిరాకీ పెరిగింది. జపాన్‌లో ఒకరు, అమెరికాలో ఒకరు, ఉత్తర యూరప్‌లోని ఒక చలి ఊళ్ళో కిటికీ తెరలు అమ్మే ఒకావిడ. ఆ ఆవిడే మా పెద్ద కొనుగోలుదారు. షెడ్డులో సగం పని ఆవిడ తెరల మీదే నడుస్తుంది. ఏడాదికి రెండుసార్లు ఈ ముగ్గురినీ ఒకే చుట్టులో కలిసి రావడం నా పని. గన్నవరంలో ఎక్కి భూమి చుట్టూ తిరిగి మళ్ళీ గన్నవరంలో దిగేదాన్ని, పన్నెండు రోజుల్లో. వినడానికి గొప్పగానే ఉంటుంది. మా వీధిలో నన్ను చూసి "ఎక్కే విమానం దిగే విమానం" అని ముచ్చటపడేవాళ్ళు. దిగిన మనిషి ఏ స్థితిలో దిగిందో వాళ్ళకేం తెలుసు?

జపాన్‌లో అందరూ భోజనాలకు లేచే వేళకు నాకు పొద్దుటి కాఫీ తాగాలనిపించేది. అమెరికా వెళితే, అక్కడ మిట్టమధ్యాహ్నం మీటింగులో కూర్చున్నప్పుడు ఒళ్ళంతా అర్ధరాత్రయిందని గోల పెట్టేది. తీరా హోటల్ గదిలో పడుకుంటే తెల్లవారక ముందే కళ్ళు తెరుచుకునేవి, ఆకలి దంచేసేది. అప్పుడు పెట్టెలోంచి కందిపొడి డబ్బా తీసి, ముందు రోజు కొనుక్కున్న అన్నం, పెరుగుతో నాలుగు ముద్దలు కలుపుకుని తినేదాన్ని. తిన్నాక హాయిగా నిద్రొచ్చేది, సరిగ్గా తయారవ్వాల్సిన టైముకి. మూడో దేశానికి వచ్చేసరికి నేనెక్కడున్నానో నా ఒంటికే తెలిసేది కాదు.

ఈ అవస్థకు తోడు నా "పర్వాలేదండీ" ఒకటి. మొదటి ప్రయాణంలో అమెరికా ఆవిడ ఆఫీసుకి విమానాశ్రయం నుంచి తిన్నగా వెళ్ళాను. "తినడానికి ఏమైనా తెప్పించనా?" అని అడిగింది. "అబ్బే, వద్దండీ, పర్వాలేదు" అన్నాను వరస ప్రకారం. ఆవిడ "సరే" అని తన డబ్బా తెరుచుకుని తన భోజనం తాను కానిచ్చింది. నేను రెండో పిలుపు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాను. అది ఇప్పటికీ రాలేదు. ఆవిడ తప్పు ఏమీ లేదు. వద్దన్న మనిషికి నిజంగానే వద్దేమో అనుకుంది పాపం.

అసలు దెబ్బ మూడో ప్రయాణంలో తగిలింది. జపాన్, అమెరికా అయిపోయి ఆ చలి ఊళ్ళో దిగేసరికి రెండు రాత్రులుగా నాకు సరైన నిద్ర లేదు. తెరలావిడ నా మొహం చూసి, "హోటల్‌కి వెళ్ళి విశ్రాంతి తీసుకుంటారా? రేపు కలుద్దాం" అంది. ఎంత మంచి మాట! కానీ నా నోరు నన్ను అడగకుండానే "పర్వాలేదండీ, ఇప్పుడే చూద్దాం" అనేసింది.

కూర్చున్న కుర్చీ పడవలా ఊగుతోంది. చెవుల్లో విమానం హోరు ఇంకా ఆగలేదు. ఆవిడ నా ముందు రెండు గుడ్డముక్కలు పెట్టింది. ఒకటి అంతకు ముందు ఏడాది మేము పంపిన ఎర్ర తెర ముక్క. రెండోది కొత్త సరుకు కోసం నేను తీసుకెళ్ళిన నమూనా. పైన బల్బు వెలుగు పసుపు పచ్చగా ఉంది.

"ఈ రెండూ ఒకే ఎరుపేనా? పాత తెరలు కొన్నవాళ్ళు వాటి పక్కన వేలాడదీయడానికి కొత్తవి అడుగుతున్నారు" అంది.

రెండూ నాకు ఎర్రగానే కనిపించాయి. "ఒకటేనండీ" అన్నాను. నమూనా వెనక సంతకం పెట్టాను. ఆవిడా పెట్టింది. హోటల్‌కి వెళ్ళి బూట్లు విప్పకుండా పడుకున్నాను.

నాలుగు నెలల తరవాత ఆ సరుకంతా వెనక్కి వచ్చింది. పాత తెరల పక్కన కొత్తవి పెడితే ఇటుక ముక్క పక్కన దానిమ్మ గింజ పెట్టినట్టు ఉందని ఫొటోలు పంపారు. వాటితో పాటు ఆవిడ రాసిన ఉత్తరం మర్యాదగానే ఉంది, అందుకే ఎక్కువ భయపెట్టింది. వచ్చే సీజనుకు ఇంకొక్క అవకాశం ఇస్తాననీ, నేను స్వయంగా వచ్చి పాత తెరతో రంగు సరిచూడాలనీ, ఈసారి కూడా కుదరకపోతే తెరలకు వేరే వాళ్ళను చూసుకోక తప్పదనీ రాసింది. షెడ్డులో సగం మంది చేతులకు పని ఆ ఒక్క ఎరుపు మీద ఆధారపడి ఉంది.

నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. తిన్నగా షెడ్డుకు వెళ్ళి, అందరూ వింటుండగా మేస్త్రిగారి మీద ఎగిరాను. "ఒక్క ఎరుపు సరిగ్గా తియ్యలేకపోయారు! ఇన్నేళ్ళ అనుభవం ఏమైందండీ?" అన్నాను. ఆయన లేచి, వెనక్కి వచ్చిన కట్టలోంచి ఒక తెర తీసుకుని, షెడ్డులో దాచి ఉంచిన పాత ముక్కను వెతికించి, రెండూ మడిచి అలమరలో పెట్టారు.

"రేపు పొద్దున్నే రండమ్మా" అన్నారు.

మర్నాడు తెల్లవారేసరికి పామర్రు దాటాను. ఆయన మొహం కడుక్కుని, నన్నూ కడుక్కోమన్నారు. ఉత్తరం గుమ్మంలో రెండు బట్టలూ పక్కపక్కన పట్టుకున్నారు. నాకు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఒకటి చలికాలం నీళ్ళ ఎరుపు, ఇంకొకటి కొత్తనీళ్ళ ఎరుపు. అద్దకం తెలియని చిన్నపిల్ల కూడా వేరు చేసి చూపించగలదు.

"కొత్తనీళ్ళ నమూనా ఇదని చెప్పే పంపానుగా" అన్నారు నెమ్మదిగా. "పాతదాంతో సరిపోదు, విడిగా అమ్మాలని కూడా చెప్పాను. మీరు దీన్ని ఎప్పుడు చూశారమ్మా?"

ఆయన చెప్పిన ఆ మాట ఆ రోజు నాకు గుర్తుకే రాలేదు. విమానాల్లో గడిపిన గంటలు వేళ్ళ మీద లెక్కపెట్టాను. రెండు చేతులూ చాల్లేదు.

"మరి నిద్రలేని కళ్ళతో రంగెందుకు చూశారు?"

"ఆవిడ అడిగారండీ. అంత పెద్ద కొనుగోలుదారు అడిగితే కాదని ఎలా అంటాను?"

ఆయన నావైపు కాసేపు చూశారు. కోపం లేదు ఆ చూపులో, వింతగా మాత్రం ఉంది. "మీరు నాకు జీతమిచ్చే మనిషి. అయినా మీతో నేను కాదని అంటున్నాను కదమ్మా?" అన్నారు.

ఆయన నియమాన్ని నేను మొండితనం అనుకున్నాను. అది పని మీద ఉన్న గౌరవమని ఆ గుమ్మంలో నిలబడితే గాని తలకెక్కలేదు. వెంటనే షెడ్డు మధ్యకు వెళ్ళి, ముందు రోజు ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగానే, తప్పు నాదని చెప్పాను. అచ్చులు వేసేవాళ్ళ చేతులు ఒక్క క్షణం ఆగాయి. "సరేలెండి, కాగు కింద మంట చూడండి" అని మేస్త్రిగారు అందరినీ పనిలోకి తరిమారు.

ఆ సీజను కోసం ఆయన రెండు ఎరుపులు తీశారు. రెండూ చలికాలం నీళ్ళవే, ఉడికిన సేపులో కాస్త తేడా. "మన దగ్గరున్న పాత ముక్క అలమరలో పడుంది. వాళ్ళ తెరలు ఏడాదికి పైగా వెలుగులో వేలాడుతున్నాయి. అవి ఇప్పుడు ఎలా ఉన్నాయో ఇక్కడ కూర్చుని చెప్పలేను" అన్నారు. "నా కళ్ళు అంత దూరం రాలేవమ్మా. మీ కళ్ళే పంపించాలి."

ఆ మాటతో నాకు కొత్త పట్టుదల వచ్చింది. కాగులోంచి తీసిన బట్టను ఎవరూ ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టరు. గడ్డి మీద పరిచి, నీళ్ళు చిలకరిస్తూ దాని టైము దానికిస్తారు. బట్టకిచ్చే పాటి మర్యాద ఒంటికి ఇవ్వకపోతే ఎలా? ప్రయాణం పన్నెండు రోజుల నుంచి పదహారుకి పెంచాను. ఏ ఊళ్ళోనైనా దిగిన రోజు పని పెట్టుకోకూడదని రాసుకున్నాను.

"బట్టలు అమ్మడానికి వెళ్తున్నావా, నిద్రపోవడానికా?" అన్నారు మావారు టిక్కెట్లు చూసి.

"నిద్రపోయి అమ్మడానికండీ" అన్నాను.

టిక్కెట్లు మార్చడం తేలికే. నోరు మార్చడమే కష్టం. దానికి సాధన ఇంటి దగ్గరే మొదలుపెట్టాను. అన్నిటికంటే పెద్ద పరీక్ష మా వదిన, అంటే మావారి అక్కగారు. నేను ఊరి నుంచి వచ్చానని తెలిస్తే చాలు, పెట్టె తెరవకముందే ఆవిడ ఆటో దిగుతుంది. ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమ నాలుగు గంటలకు తక్కువ కాదు. ఆ మధ్య ఢిల్లీలో ఎగ్జిబిషన్‌కి వెళ్ళి మూడు రోజులు నిలువు కాళ్ళ మీద ఉండి వచ్చాను. గుమ్మంలో వదిన.

"ఏంటే, మొహం పీక్కుపోయింది! కూర్చో, కబుర్లు చెప్పు" అంది.

"వదినా, నాకు నిద్రొస్తోంది. పడుకుంటాను. ఆరింటికి లేస్తాను, అప్పుడు ఎన్ని కబుర్లైనా చెబుతాను" అన్నాను.

మావారు ఫ్యాను వైపు చూస్తున్నారు. నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. వంశంలో ఎవరూ చెయ్యని పని చేశానని భయపడుతూనే నిద్రపోయాను. ఆరింటికి లేచి హాల్లోకి వస్తే వదిన సోఫాలో ఒత్తిగిలి పడుకుని గురకపెడుతోంది. నిద్ర లేచి, జుట్టు ముడేసుకుంటూ, "నువ్వన్నాక నాక్కూడా అనిపించిందే. మధ్యాహ్నం పడుకుని ఎన్నేళ్ళయిందో!" అంది. ఆ సాయంత్రం మేమిద్దరం మాట్లాడుకున్నంత హాయిగా అంతకు ముందెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ ధైర్యంతో బయలుదేరాను. జపాన్‌లో దిగిన రోజు పెట్టె గదిలో పడేసి, నిద్రొస్తున్నా పడుకోకుండా, ఒక ఏటి గట్టున వెలుగు ఉన్నంతసేపూ నడిచాను. ఆకలి వేసినప్పుడు కాకుండా ఆ ఊరివాళ్ళు తినేటప్పుడు తిన్నాను. కందిపొడి డబ్బాకు మాత్రం తాళం వేసినట్టే. తెల్లవారక ముందు మెలకువ వస్తే లైటు వెయ్యలేదు, ఫోను ముట్టుకోలేదు. కళ్ళు మూసుకుని మా కాలవ గట్టు మీద బట్టలు పరుస్తున్నట్టు ఊహించుకుంటూ పడుకున్నాను. ఒక రోజు పనిచేసింది, ఒక రోజు చెయ్యలేదు. అమెరికాలో రెండో రోజు మళ్ళీ తల దిమ్మెక్కింది. అయినా అక్కడి ఆవిడ "ఏమైనా తెప్పించనా?" అనగానే "తెప్పించండి" అన్నాను. ఆవిడ ఆశ్చర్యపడలేదు. ఆశ్చర్యం నాకే. ఇంత చిన్న మాటకు నేను మూడు ప్రయాణాలు పస్తులున్నాను!

ఆ చలి ఊళ్ళో మధ్యాహ్నం దిగాను. రాత్రంతా విమానంలో వెనక సీటు వాళ్ళ పసిపాప ఏడుస్తూనే ఉంది. నా కళ్ళలో ఇసక పోసినట్టుంది. ఈ రోజు పని లేదు కదా అన్న ధైర్యంతో హోటల్‌కి చేరేసరికి, కింద హాల్లో తెరలావిడ కూర్చుని ఉంది. పక్కన సంచి, అందులో పాత తెర.

"ఒక ఇబ్బంది వచ్చింది" అంది. "రేపు పదకొండింటికి నేను రైలెక్కాలి. తిరిగి రావడానికి వారం పడుతుంది. ఇప్పుడే చూసేద్దాం. పది నిమిషాల పని."

ఈసారి విశ్రాంతి తీసుకుంటారా అని ఆవిడ అడగలేదు. నాలుక చివర "పర్వాలేదండీ" తయారుగా నిలబడి ఉంది. నలభై ఏళ్ళు దాటిన అలవాటు, వెనక్కి నెట్టడం అంత తేలిక కాదు. షెడ్డు కళ్ళ ముందు మెదిలింది. కాదంటే ఆవిడకు కోపం వచ్చి ఆ రైలెక్కి వెళ్ళిపోతే? ఔనని చూసి మళ్ళీ తప్పు చెబితే? ఎటు చూసినా నుయ్యీ గొయ్యే. ఉత్తరం గుమ్మంలో మేస్త్రిగారు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

"క్షమించండి. ఇవాళ నేను రంగు చూడను" అన్నాను.

ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. "అలసిపోయారా?"

ఈ ప్రశ్నకు నేను జీవితంలో ఎప్పుడూ నిజం చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు, ఒంట్లో బాగాలేనప్పుడు డాక్టరుకే సరిగ్గా చెప్పలేదు.

"అవునండీ. బాగా అలసిపోయాను. పోయినసారి కూడా ఇలాగే ఉండి, లేనట్టు నటించాను. అందుకే తప్పు చెప్పాను" అన్నాను. మా మేస్త్రిగారి నియమం గురించి చెప్పాను. ఉత్తరం గుమ్మం, కాలవ నీళ్ళు, హైదరాబాద్ షాపతను లాడ్జిలో పడుకోవడం, అన్నీ. "రేపు పొద్దున మీరు ఎంత తొందరగా రమ్మంటే అంత తొందరగా వస్తాను. కిటికీ పక్కన, లైట్లు లేకుండా చూద్దాం."

ఆవిడ సంచిలోని పాత తెర వైపు చూసింది. ఆ కొద్ది సేపట్లో నేను మనసులో సగం షెడ్డు మూసేశాను. తరవాత ఆవిడ సంచి మూతి బిగించి లేచింది.

"ఏడున్నరకు ఆఫీసు తెరిపిస్తాను. మీరు ఏమైనా తిన్నారా?"

"లేదండీ. తింటాను."

పక్కనే ఉన్న చిన్న హోటల్లో వేడి సూపు, రొట్టె పెట్టించింది. ఆ తరవాత చలిలో, పొద్దు పోయేదాకా ఆ ఊరి వీధులన్నీ తిరిగాను. తొమ్మిది కొట్టేసరికి పక్క మీద వాలాను. లేచి చూస్తే ఆరు. మధ్యలో ఒక్కసారి కూడా మెలకువ రాలేదు. ఆ నిద్ర రుచి నాకింకా గుర్తుంది.

చన్నీళ్ళతో మొహం కడుక్కున్నాను. కాలవ నీళ్ళు కాకపోయినా చలిలో ఏమీ తీసిపోవు. ఆఫీసులో ఆవిడ అప్పటికే బల్లను కిటికీ దగ్గరికి జరిపించింది. పాత తెర మధ్యలో పరిచి, అటూ ఇటూ నా రెండు నమూనాలు పెట్టాను. ఆవిడ వంగి చూసి, ఎడమ పక్క దాని మీద వేలు పెట్టింది.

"ఇదే. అచ్చం ఇదే!"

సంతోషంగా కలం తీసింది. కొనేవాళ్ళే ఒప్పుకున్నాక అమ్మేవాళ్ళకు ఇంకేం కావాలి? తల ఊపితే అయిపోతుంది. కానీ నేను చూస్తున్నాను, నిజంగా చూస్తున్నాను. నిన్నైతే ఒకటిగా కనపడి ఉండే మూడు ఎరుపులూ ఈ పొద్దున మూడు రకాలుగా మాట్లాడుతున్నాయి. ఎడమ పక్కది మెరుపుగా ఉంది, అందుకే ముందు కంటికి ఆనుతుంది. కానీ దాని అడుగున ఇటుక ఛాయ ఉంది. పాత తెర అడుగున అది లేదు.

"కాదండీ. ఇది కాదు, కుడి పక్కది" అన్నాను.

ఆవిడ కలం ఆపి నన్ను చూసింది. మళ్ళీ బట్టల్ని చూసింది. మూడూ పట్టుకుని, కోటు కూడా వేసుకోకుండా, వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. అద్దంలోంచి చూస్తున్నాను. ఆవిడ కాలిబాట మీద నిలబడి, ఒక్కొక్కటే చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూస్తోంది. మా మేస్త్రిగారు పట్టుకున్నట్టే. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. లోపలికి వచ్చేసరికి ఆవిడ ముక్కు ఎర్రబడింది.

"మీరు చెప్పిందే సరి" అంది. కుడి పక్క నమూనా వెనక సంతకం పెట్టింది. "నిన్న చూసి ఉంటే ఏమనేవారు?"

"మూడూ ఒకటేనండీ అనేదాన్ని."

ఆవిడ పడీ పడీ నవ్వింది. తెరలతో పాటు ఆ ఏడాది బల్లగుడ్డలు కూడా మాకే ఇచ్చింది. ఇకమీదట తన ఆఫీసులోనూ రంగులు పొద్దున్నే, కిటికీ దగ్గరే చూస్తామంది. మా గుమ్మంలో పుట్టిన నియమం అంత దూరం వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది. బయటికొచ్చి, ఎవరూ చూడకుండా, ఆ చలి వీధిలో రెండు గంతులు వేశాను. నలభై ఆరేళ్ళ ఆడమనిషిని, చేతిలో గుడ్డల సంచి. గెలిచానని అరవాలనిపించింది. మావారికి ఫోన్ చేసి అరిచాను కూడా. "సరే, ఇప్పుడు పడుకో" అన్నారు.

గన్నవరంలో దిగాక ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. సంతకం పెట్టిన ముక్క మేస్త్రిగారి చేతిలో పెట్టాలి. కారు తిన్నగా షెడ్డుకే పోనిమ్మన్నాను. కాలవ నిండుగా పారుతోంది, గట్టు నిండా బట్టలు ఆరుతున్నాయి. మేస్త్రిగారు ఆ ముక్కను రెండు చేతులతో తీసుకుని, చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నారు.

"దీన్ని రేపు పొద్దున చూస్తాను" అన్నారు. ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది. అంతలోనే హుషారుగా కాగు దగ్గరికి వెళ్ళి, పొగలు కక్కుతున్న కొత్త బట్ట ఒకటి కర్రతో పైకి తీసి నా ముందు పట్టుకున్నారు. "ఫోనులో బల్లగుడ్డలన్నారుగా, ఈ రంగెట్టా ఉందో చెప్పండమ్మా!"

అచ్చులు వేసేవాళ్ళంతా తలలెత్తి నావైపు చూశారు. బట్ట ఎర్రగా ఉంది. బాగున్నట్టే ఉంది. నాకు నేల ఊగుతోంది, చెవుల్లో విమానం ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఇవాళ నా కళ్ళకు సెలవు మేస్త్రిగారూ" అన్నాను.

మేస్త్రిగారు నవ్వారు. ఇన్నేళ్ళలో ఆయన అంత గట్టిగా నవ్వడం నేను చూడలేదు. బట్టను కర్ర మీద నుంచి దించి, గడ్డి మీద పరవమని మనుషులకు అందించారు.

"వెళ్ళి పడుకోండమ్మా" అన్నారు. "రేపు పొద్దున ఇద్దరం కలిసే చూద్దాం."